తాగుబోతు వేషం

మొన్న ఉగాదినాటి సాయంత్రం లమ్మడాలో మన కుర్రవాళ్ళు వేసిన హాస్యనాటికను గూర్చి నాలుగు మాటలు రాయమని సంపాదకులు అడిగారు. నాటిక పాతిక నిమిషాలు. కథ అందరికీ తెలిసినదే. జీతం అందుకున్న మొగుడు తప్పతాగి ఇంటికి వస్తాడు. తలుపు ఎక్కడున్నదో తెలియక గోడతో మాట్లాడతాడు. పెళ్ళాన్ని చూసి పోలీసు అనుకుని దణ్ణం పెడతాడు. చివరకు చీపురుదెబ్బలు తిని చాపమీద పడి గురక పెడతాడు. తెర. హాలు హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కాదంటే అబద్ధమవుతుంది.

నా వెనుక వరుసలో ఒక మామ్మగారు కూర్చున్నారు. ఎనభై దాటి వుంటాయి. గోడతో మాట్లాడే ఘట్టం దగ్గర ఆమె లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. నాటిక అయిన తరువాత మెట్ల దగ్గర కనిపిస్తే, "ఏం మామ్మా, ఒంట్లో బాగులేదా?" అన్నాను. "బాగానే వున్నాది బాబూ. మా అయ్య తాగొచ్చిన రేత్రి మా ఇంట్లో ఎవుళూ నవ్వినోళ్ళు నేరు. ఇంతమంది నవ్వుతుంటే ఏటో తెలీక లేసొచ్చీసినాను" అన్నది.

నాటిక బాగులేదని చెప్పడానికి నేను కలం పట్టలేదు. బాగున్నది కనుకనే రాయవలసి వచ్చింది. తాగుబోతు వేషం కట్టిన అబ్బాయికి కాళ్ళమీద అదుపు వున్నది. తూలడం చాలామందికి వస్తుంది. తూలకుండా వుండాలని ప్రయత్నించేవాడి నడక రావడం కష్టం. అది ఇతనికి వచ్చింది. మాట కూడా చక్కగా పలికాడు. శ్రీకాకుళం యాస, మధ్యలో బర్మా మాటలు, ఒకటి రెండు సినిమా డైలాగులు కలిపి మన లమ్మడా వీధిలో రోజూ వినబడే తెలుగునే వేదిక ఎక్కించాడు. పుస్తకాల తెలుగులో చదివినట్లు మాట్లాడే నాటకాలు చూసి చూసి విసిగిన మనకు ఇది పెద్ద వరం. పెళ్ళాం వేషం వేసిన అమ్మాయి సంగతే చెప్పలేను. ఆమెకు చెప్పడానికి నాలుగు మాటలు, పట్టుకోవడానికి ఒక చీపురు తప్ప రచయిత ఏమీ ఇవ్వలేదు. లోపమంతా అక్కడే వున్నదని నా అనుమానం. అయితే అది ఈ కుర్రవాళ్ళు కొత్తగా చేసిన లోపం కాదు. తెలుగు రంగస్థలం మీద తాగుబోతు వేషానికి వంద సంవత్సరాలకు పైబడిన వంశవృక్షం వున్నది. వీరు ఆ చెట్టుకు చిట్టచివరి కొమ్మ.

మొదలు వెతికితే విజయనగరం చేరుతాము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా తిరగరాసిన ప్రతి వచ్చింది. మన తాతముత్తాతలలో చాలామంది ఆ విజయనగరం, విశాఖపట్నం, శ్రీకాకుళం పల్లెలనుంచే ఓడ ఎక్కారు. అందుచేత ఆ నాటకంలోని మాట మనకు పరాయిది కాదు. మన నాయనమ్మలు వంటింట్లో మాట్లాడిన మాటే. తిరగరాసిన ప్రతిలో ఒక సారాదుకాణం రంగం వున్నది. పెళ్ళిళ్ళ గొడవ మధ్య ఈ రంగం ఎందుకు, కథకు అవసరమేమిటి అని అడిగినవాళ్ళు వున్నారు. నాకు మాత్రం నాటకం మొత్తంలో అంత లోతైన హాస్యం మరొకచోట కనబడదు. ఆ దుకాణంలో కూర్చున్నవాళ్ళు ఎవరు? హరిద్వారం కబుర్లు చెప్పే బైరాగి. అతడికి శిష్యుడైన హెడ్డు కనిస్టీబు. తత్త్వాలు పాడుకునే భక్తులు. అంటే ధర్మమూ చట్టమూ రెండూ ఒకే బల్లమీద కూర్చుని ఒకే సీసాలోది తాగుతున్నాయి. అక్కడ మనం నవ్వుతున్నది తూలే కాళ్ళను చూసి కాదు. పొద్దున్న దండం పెట్టించుకునేవాళ్ళు రాత్రి ఎక్కడ వున్నారో చూసి. నవ్వు కిందనుంచి పైకి పోతుంది.

మన నాటికలో నవ్వు పైనుంచి కిందికి పడింది. మన తాగుబోతు తోపుడుబండి లాగే మనిషి. అతడి బనీను చిరిగి వున్నది. ఆ చిరుగు చూసి కూడా హాలు నవ్వింది. ఆ హాలులో కూర్చున్న మనలో ఎవరి ఇంటిలోనైనా, రెండు తరాలు వెనక్కి వెళితే, ఆ బనీను తీగమీద ఆరేసి వుండేది. కోటు వేసుకుని, సొంత సీసా తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని మర్యాదగా తాగేవారు మనలో ఇవాళ చాలామంది వున్నారు. వారిమీద నాటిక రాయడానికి ఎవరికీ చేయి రాలేదు. ముందువరుసలో కుర్చీలు వారివే గదా!

కన్యాశుల్కం తరువాత సంస్కరణ నాటకాల కాలం వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యామోహం మీద చింతామణి, వరకట్నం మీద వరవిక్రయం రాసినట్లే, తాగుడు మీద మధుసేవ రాశారు. మొదటి రెండూ ఊరూరా ఆడాయి; మూడవది అంతగా ఆడలేదు. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఉపదేశం వినడానికి జనం టిక్కెట్టు కొనరు. చింతామణిలో పద్యాలున్నాయి, సుబ్బిశెట్టి వున్నాడు. తాగుడుమీద ఉపదేశం మాత్రం తాగనివాడికి అక్కరలేదు, తాగేవాడికి ఎక్కదు. నారాయణరావుగారి సద్బుద్ధిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సద్బుద్ధి వేరు, నాటకం వేరు.

హాస్యం ఒకవైపు, ఉపదేశం ఒకవైపు ఇట్లా వుండగా, మూడవవైపు నుంచి వచ్చి మన గుండెల్లో పీట వేసుకుని కూర్చున్నవాడు దేవదాసు. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో 1953లో వచ్చిన ఆ చిత్రాన్ని నేను 1980లలో వీడియో క్యాసెట్టులో చూశాను. గీతలు పడిన క్యాసెట్టు, పక్కింటివారి టీవీ, గదినిండా ముప్పైమంది. అక్కినేని నాగేశ్వరరావుగారు తాగిన కళ్ళు రావడానికి పెరుగన్నం తిని రాత్రిళ్ళు నటించానని తరువాత కాలంలో చెప్పుకున్నారు. పెరుగన్నంతో అంత మత్తు వస్తుందని మనకు తెలియక సారాకు డబ్బు తగలేశామే అని మా గదిలో ఒకాయన అన్నాడు, అందరూ నవ్వారు. కాని సినిమా అయిపోయేసరికి ఆ ఒకాయనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. మరునాటి సాయంత్రం మామూలు వేళకు మామూలు చోటికి వెళ్ళాడు. తేడా ఏమిటంటే, ఆ రోజు పాట పాడుతూ వెళ్ళాడు.

ఇది దేవదాసు చేసిన పని. అంతకు ముందు మన పల్లెల్లో తాగుబోతును చూసి జాలిపడ్డారు, తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. గౌరవించినవాళ్ళు లేరు. తాగుడు వెనుక ఒక గొప్ప దుఃఖం వుంటుందని, ఆ దుఃఖం మనిషికి ఒక అందం ఇస్తుందని మనకు నేర్పినది ఈ సినిమాయే. ఘంటసాలగారి గొంతు తోడైతే ఇంకేం కావాలి? దేవదాసు జమీందారు బిడ్డ. అతడు తాగితే ఎవరి పొయ్యీ ఆరదు. జీతంరోజు అంటూ అతడికి లేదు. పిల్లలు లేరు. ఇవన్నీ తీసేసిన తరువాత మిగిలిన తాగుడు నిజంగానే పాటలాగా వుంటుంది. బండి లాగేవాడు ఆ పాట అరువు తెచ్చుకున్నాడు గాని, ఆ ఎస్టేటు తెచ్చుకోలేకపోయాడు.

ఇక్కడ మన రంగూనువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి వున్నది. దేవదాసు రచయిత శరత్‌చంద్ర చటర్జీ 1903లో రంగూను వచ్చి, 1916 దాకా ఇక్కడే సర్కారు లెక్కల ఆఫీసులలో గుమాస్తాగా బతికారు. మన తాతలు నదీతీరంలో మూటలు మోస్తున్న ఆ సంవత్సరాలలోనే, ఊరికి తూర్పున బొటటౌంగు, పజుండౌంగు వైపు కూలీనాలీ, మిస్త్రీల మధ్య ఆయన కాపురం. దేవదాసు నవల ఆయన ఇక్కడికి రాకముందు, ఇరవై నాలుగు ఇరవై అయిదేళ్ళ వయస్సులో రాసినది. అచ్చయినది 1917లో, ఇక్కడినుంచి వెళ్ళిపోయిన తరువాత. మధ్య కాలమంతా ఆ రాతప్రతి మిత్రుల దగ్గర పడి వున్నది. అచ్చు వేస్తామని వారు అడిగితే ఆయనకు మనస్కరించలేదని చరిత్రకారులు రాస్తారు.

ఎందుకు మనస్కరించలేదు? ఆయన జీవితచరిత్రలలో చెప్పే ఒక సంఘటన నాకు దీనికి సమాధానంలాగా కనబడుతుంది. ఆయన వున్న ఇంటి కింద ఒక బెంగాలీ మిస్త్రీ వుండేవాడట. ఆ మిస్త్రీ తన కూతురిని ఒక తాగుబోతుకు కట్టబెట్టబోతే, ఆ పిల్ల శరత్‌బాబు గదిలోకి వచ్చి రక్షించమని వేడుకున్నది. చివరకు ఆయనే ఆమెను పెళ్ళాడారు. ఆమె పేరు శాంతి. ఒక బిడ్డ పుట్టాడు. తరువాత రంగూనులో ప్లేగు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోయింది. తాగుడును గుమ్మం ఇవతలినుంచి, అంటే ఆడపిల్ల నిలబడిన వైపునుంచి ఆయన ఒకసారి చూశారు. అట్లా చూసిన మనిషికి తన పాత దేవదాసును చూస్తే కొంచెం సిగ్గువేసి వుండవచ్చునని నేను అనుకుంటున్నాను. ఇది నా ఊహే. కాని ఒక విషయం ఊహ కాదు. తరువాత 1926లో వచ్చిన పథేర్ దాబీ నవలలో ఆయన రంగూనునే రంగస్థలం చేసుకున్నారు. అందులోనూ తాగుబోతు వున్నాడు, ఫిడేలు వాయించే కవి శశి. అతడిమీద రచయితకు ప్రేమ వున్నది గాని, ఆరాధన లేదు. ఆ పుస్తకాన్ని బెంగాలు ప్రభుత్వం 1927లో నిషేధించింది. మన భాషలోకి, మన వెండితెరమీదికి, మన గొంతులలోకి వచ్చి కూర్చున్నది మాత్రం దేవదాసే. శాంతి రాలేదు. ఆమె నడిచిన వీధులలో నడిచే మనకు కూడా ఆమె పేరు తెలియదు.

ఇక మన తాతల తాగుడు సంగతి. ఈ విషయంలో మనలో రెండు రకాలవారు వున్నారు. మా పెద్దలు చుక్క ముట్టేవారు కారని సభలలో చెప్పేవారు ఒకరు. తాగి తాగి మట్టికొట్టుకుపోయారు కనుకనే మనం ఇట్లా వున్నామని ఇంట్లో గొణిగేవారు మరొకరు. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవులలో ఓడ ఎక్కి వచ్చిన కొరంగీవాడు, అంటే మనవాడు, దిగిన రోజుననే బాకీదారు. ఓడఖర్చు మేస్త్రీ పెట్టాడు. వచ్చిన కూలి పెద్దమేస్త్రీ చేతినుంచి చిన్నమేస్త్రీ చేతికి, అక్కడినుంచి కోతలు పోగా మనిషి చేతికి వచ్చేది. 1933లో వలసల శాఖ అధికారి ఆండ్రూ రంగూనులోని భారతీయ కూలీలమీద రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతి అంతా వున్నది. గదికి పట్టేవారికంటే ఎన్నో రెట్లు మనుషులను కుక్కిన కూలీ బారకాసులలో నిద్ర. వచ్చినవారిలో ఆడవారు బహు కొద్దిమంది. పగలంతా బియ్యం బస్తాలు మోసిన వీపుకు రాత్రి పరుచుకోవడానికి చాప దొరకని చోట, నాలుగు అణాలకు నిద్ర అమ్మేవాడు సారావాడొక్కడే. తాగుడువల్ల పేదవాళ్ళయ్యారా, పేదరికంవల్ల తాగారా అని తర్కించేవారు ఆ గదిలో ఒక్క రాత్రి పడుకుని తర్కిస్తే బాగుండేది.

మలయా రబ్బరు తోటలలోని మనవారి సంగతి మరీ విచిత్రం. అక్కడ కల్లు దుకాణం తోటలోనే వుండేది. దొర పొద్దున ఇచ్చిన కూలి సాయంత్రానికి ఆ దుకాణంలో చేరేది. ఆ దుకాణం లాభాన్ని కూలీల సంక్షేమానికే ఖర్చు పెడతామనేవారు! 1947లో కెడా ప్రాంతపు తోటలలో అరవ కుర్రవాళ్ళు తొండర్ పడై పేరుతో దళాలు కట్టి ఆ దుకాణాల ముందు బైఠాయించారు. పోలీసులు విరుచుకుపడ్డారు. కల్లు మానమన్నందుకు దెబ్బలు తిన్నారు కార్మికులు. కల్లు తాగడం కూలీ స్వభావం అని రాసిన దొరలు ఈ ముక్కను ఎక్కడ జమకట్టారో!

నా సొంత ఇంటిసంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. మా తాత స్ట్రాండు రోడ్డు జెట్టీలలో మోతగాడు. మా మామ్మ ముక్కుపుడక ఒకసారి తాకట్టుకు వెళ్ళి తిరిగి రాలేదు. చివరిదాకా ఆమె ముక్కుకు వేపపుల్ల వుండేది. చిన్నప్పుడు నేను, "తాత చెడ్డోడా మామ్మా?" అని అడిగాను. ఆమె ఆలోచించి, "మోసిన్నాడు తాగీవోడు, మొయ్యిన్నాడు తిట్టీవోడు" అన్నది. ఇందులో క్షమ వున్నదా, ఫిర్యాదు వున్నదా అని నేను ఏభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. మన నాటకాలలో నేను వెతికేది ఇటువంటి ఒక్క వాక్యం. దొరకలేదు.

ఇట్లాగని తాగుడంతా ఒక్కటేనని కూడా అనలేను. అమ్మవారి పండుగకు గుడిముందు కల్లుతో సాకపోయడం మనవాళ్ళు ఊరినుంచి తెచ్చుకున్న ఆచారం. ముందు అమ్మవారికి, తరువాత భూమికి, ఆ తరువాత మనిషికి. ఏడాదికి ఒకసారి, అందరూ చూస్తుండగా, అంతే. దీనిని మొరటుతనమని సంస్కర్తలైన మన పెద్దలు కొన్నిచోట్ల మాన్పించి కొబ్బరినీళ్ళు పెట్టారు. మంచిదే. కాని దేవుడి ముందు అందరి ఎదుట తాగిన ఆ దోసెడు పోయి, ఎవరూ చూడకుండా తాగే సీసా మిగిలింది. మన చుట్టూ వున్న బర్మావారి దగ్గర కూడా ఈ రెండు ముఖాలూ వున్నాయి. పంచశీలలో అయిదవది మత్తు పానీయాలు మానమనే శీలం. కొన్‌బౌంగు రాజుల కాలంలో తాగుడుమీద గట్టి ఆంక్షలే వుండేవి. అదే దేశంలో కోజీచో అనే నాట్ దేవతకు సారా సీసా పెట్టనిదే పూజ సాగదు. తాగుబోతులకూ జూదరులకూ ఆయన ఇష్టదైవం. మన గ్రామదేవతకు ఇక్కడ చుట్టం దొరికినట్లే.

మాటలు మారిన తీరు చూస్తే మనసులు మారిన తీరు తెలుస్తుంది. మా తాత తాగినది సారా. బర్మా భాషలో దానిని అయెక్ అంటారు. మన పాత పుస్తకాలలోని అరకు, ఆ అయెక్కూ ఒకే అరబ్బీ మాటకు పుట్టినవి. మా నాన్న కాలానికి అది చుక్క అయింది. పేరు చెప్పడానికి కొంచెం సిగ్గు వచ్చిందన్నమాట. ఇండియానుంచి వచ్చే సినిమాలతోబాటు అది మందు అయింది. రోగానికి పెట్టిన పేరే మందుకు పెట్టారని మా నాన్న అనేవాడు. ఇవాళ మా మనవల నోట అది పార్టీ. తాగే వస్తువు మాయమై, తాగే సందర్భమొక్కటే మిగిలింది. మియన్మా బీరు వచ్చిన తరువాత వీధివీధినా బీరుసైన్‌లు వెలిశాయి. లమ్మడా పక్కనే లథాలో పంధొమ్మిదవ వీధికి సాయంత్రం వెళితే కాల్చిన మాంసం పుల్లలు, బీరు గ్లాసులు, వీధినిండా కుర్చీలు. అక్కడ మన ఆడపిల్లలు కూడా స్నేహితులతో కూర్చుంటున్నారు. మా తరంవారికి ఇది మింగుడు పడదు. నాకూ పడదు; కాని ఆ పిల్ల తన జీతంతో తన గ్లాసు కొనుక్కుని తొమ్మిదింటికి ఇంటికి వస్తుంటే, ఇల్లు తాకట్టుపెట్టి తాగిన మగవాళ్ళ వంశంలో పుట్టిన నేను ఆమెకు ఏమని చెప్పగలను?

2021లో జరిగినది మరీ ఆలోచించవలసినది. సైన్యం అధికారం చేపట్టిన ఫిబ్రవరి తరువాత, ఆ బీరు కంపెనీలో సైన్యానికి చెందిన సంస్థకు వాటా వున్నదని జనం దానిని బహిష్కరించారు. దుకాణాలు ఆ సీసాలు తీసేశాయి. 2015లో అందులో పెద్దవాటా కొన్న జపాను కంపెనీ కిరిన్ 2023 జనవరికల్లా వాటా వదులుకుని వెళ్ళిపోయింది. భార్య ఏడ్చినా, తల్లి ఒట్టు పెట్టించుకున్నా గ్లాసు దించని మనుషులు ఒక్క వారంలో ఆ గ్లాసు దించారు. కొందరు వేరే గ్లాసు ఎత్తుకున్నారనుకోండి, అది వేరే సంగతి. అలవాటు అంటే తలరాత అని చెప్పే నాటకాలన్నిటికీ ఇది ఒక జవాబు. కారణం పదిమందిదీ అయినప్పుడు చేయి ఆగుతుంది.

ఈ మాట మనకంటే ముందు నెల్లూరు జిల్లా ఆడవారు రుజువు చేశారు. అక్కడ 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను పొట్లాలలో పల్లెలకు చేర్చింది. మంచినీళ్ళు రాని ఊరికి సారా వచ్చేది. 1991లో ఆ జిల్లాలో అక్షరదీపం అనే వయోజన విద్యా ఉద్యమం మొదలయింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక చిన్న పాఠం వున్నది. సీతమ్మ అనే స్త్రీ ఊరివారిని కూడగట్టి సారాదుకాణం మూయించడం కథ. రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవారు, సీతమ్మ చేసినది మనమెందుకు చేయకూడదని లేచారు. 1992లో తమ ఊరిలో సారా ఆపారు. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతా తెలిసింది. దూబగుంట కథే తరువాతి వాచకంలో మరొక పాఠమయింది. అది చదివి మరికొన్ని వందల ఊళ్ళు లేచాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో రామారావుగారి ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో చంద్రబాబుగారి ప్రభుత్వం దానిని సడలించింది. ఖజానాకు ఆ డబ్బు లేనిదే తెల్లవారదు గదా.

ఇదంతా రాజకీయం, సాహిత్య విమర్శలో దీనికి చోటేమిటి అని ఎవరైనా అడగవచ్చును. సీతమ్మ కథ కూడా ఒక రచనే గనుక చోటున్నది. అక్షరాలు నేర్పడానికి రాసిన పాఠం, పేరుపడిన రచయిత లేడు, శైలి లేదు, పద్యం లేదు. తాగుడుమీద తెలుగులో వచ్చిన అన్ని రచనలలోకి ఎక్కువ పని చేసినది ఇదే. ఎందుకు? అందులో ముఖ్యపాత్ర తాగుబోతు కాదు. ఈ ఒక్క మార్పు చాలింది. కన్యాశుల్కంలో మనం దుకాణం లోపల వున్నాము. దేవదాసులో సీసా పక్కన వున్నాము. మన ఉగాది నాటికలో మొగుడితోబాటు గోడ దగ్గర వున్నాము. సీతమ్మ కథలో మొదటిసారి దుకాణం బయట, మూయమని అడిగేవారి మధ్య నిలబడ్డాము. సాహిత్యంగా అది కన్యాశుల్కానికి కాలిగోటికి చాలదు. ఆ మాట కూడా చెప్పాలి. సారాదుకాణంలోని బైరాగిని సీతమ్మ కథ రాసినవారు సృష్టించలేరు. రెండూ తెలిసిన రచయిత ఒకడు పుట్టి, రంగూను బారకాసునూ, జెట్టీనూ, ఆ జెట్టీ నుంచి ఇంటికి వచ్చే దారినీ రాసి వుంటే మనకొక నాటకం వుండేది. మన వలసమీద పాటలు వున్నాయి, కన్నీళ్ళు వున్నాయి. ఈ నాటకం మాత్రం లేదు.

ఈ వ్యాసం సగం రాసిన తరువాత నేను ఆ నటుడబ్బాయిని పిలిపించాను. తిడతాననుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. మామ్మగారు అన్న మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆమె దగ్గరికి తీసుకెళ్ళండి తాతగారూ" అన్నాడు. వెళ్ళాము. ఆమె మొదట నోరు విప్పలేదు. టీ ఇచ్చింది. తరువాత చెప్పింది.

1950 ప్రాంతంలో ఆమెకు ఆరేడేళ్ళు. జీతాలిచ్చే రోజున వాళ్ళమ్మ ఈ పిల్లకు తల దువ్వి, జడకు రిబ్బను కట్టి జెట్టీ గేటు దగ్గరికి పంపేదట. గేటు దగ్గర నిలబడి, అయ్య బయటికి రాగానే అతడి లుంగీ అంచు పట్టుకోవాలి. అంతే ఆ పిల్ల పని. దారిలో దుకాణం వస్తుంది. అంచు వదలకూడదు. అయ్య చెయ్యి విదిలిస్తే కూర్చుండిపోవాలి గాని అంచు వదలకూడదు. "ఒక్కో పాలి ఇంటికొచ్చీసీవోలం. ఒక్కో పాలి నానూ ఆ దుకానం మెట్టుమీద కూకునీదాన్ని, అంచట్టుకునే" అన్నది మామ్మగారు. ఆ గేటు దగ్గర తనవంటి పిల్లలు అయిదారుగురు నిలబడేవారట. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కారట.

అబ్బాయి నాటికను తిరగరాస్తున్నాడు. నవ్వు తీసెయ్యవద్దని నేనే చెప్పాను. గోడతో మాట్లాడే ఘట్టం వుంటుంది. దానికి ముందు గేటు ఘట్టం వుంటుంది. పెళ్ళాం వేషం వేసిన అమ్మాయి చీపురు పక్కన పెట్టేసి, జడ వేసే ఘట్టం తానే రాసుకుంటానన్నది. ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి సాధన చేస్తున్నారు. లుంగీ అంచు పట్టుకునే పిల్ల వేషానికి ఇంకా ఎవరూ కుదరలేదు. ఆరేడేళ్ళ పిల్ల కావాలి, తెలుగు మాటలు రాకపోయినా ఫరవాలేదు, ఆ వేషానికి మాటలు లేవు.